పద్దులో కులాన్ని చదివిన శాసనసభ్యుడు: బడ్జెట్ చర్చల్లో బాబాసాహెబ్ అంబేద్కర్

మన వాడల్లో ఉన్న అంబేద్కర్ విగ్రహాలన్నింటి చేతిలోనూ ఒక పుస్తకం ఉంటుంది. అది రాజ్యాంగం అని అందరికీ తెలుసు. ఆ పుస్తకం రాయడానికి రెండు దశాబ్దాల ముందు నుంచే ఆయన చేతిలో మరో పుస్తకం ఉండేది. అది ప్రభుత్వ జమాఖర్చుల పుస్తకం. 1927 నుంచి బొంబాయి శాసనమండలిలో, ఆ తర్వాత బొంబాయి శాసనసభలో, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో, రాజ్యాంగ సభలో, చివరికి రాజ్యసభలో ఆయన పదేపదే అడిగినవి రెండే ప్రశ్నలు. ఈ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేశారు? ఎవరి కోసం ఖర్చు పెట్టారు?

ఈ రెండు ప్రశ్నల వెంట నడిస్తే ఆయన జీవితం మరో రకంగా కనబడుతుంది. ఉద్యమ నాయకుడినీ న్యాయ కోవిదుడినీ మనం బాగానే గుర్తుపెట్టుకున్నాం. ప్రజాధనానికి లెక్క అడిగిన శాసనసభ్యుడిని అంతగా పట్టించుకోలేదు. ఎస్సీల పేరుతో కేటాయించిన నిధులు ఎక్కడికి పోతున్నాయని ఏటా అడగాల్సి వస్తున్న ఈ కాలంలో ఆ శాసనసభ్యుడు మనకు చాలా అవసరం.

ఖజానా నుంచి వచ్చిన చదువు

1891 ఏప్రిల్ 14న మౌలో సుబేదార్ రాంజీ సక్పాల్ ఇంట పుట్టిన భీమ్‌రావు విదేశాలకు వెళ్లి చదవగలిగింది ఒక సంస్థానం ఖజానా వల్లనే. బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనం మంజూరు చేశారు. ఆ డబ్బుతో 1913లో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ప్రభుత్వం పెట్టిన కొద్దిపాటి ఖర్చు ఒక అంటరాని కుర్రాడిని ఎంత దూరం తీసుకెళ్లగలదో ఆయనకు స్వానుభవమే.

అక్కడ ఆయన ఎంచుకున్న రంగం ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు. ఎంఏ కోసం ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద రాశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డీఎస్సీ కోసం రాసిన రూపాయి సమస్య గ్రంథం 1923లో అచ్చయింది. కొలంబియా డాక్టరేట్ కోసం చేసిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య డబ్బు పంపకం ఎలా పరిణమించిందో చెప్పే పుస్తకం అది. ఆయన గురువు ప్రొఫెసర్ సెలిగ్‌మన్ దానికి ముందుమాట రాశారు. అదే ఏడాది డిసెంబరులో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కరెన్సీ విధానం మీద ఆయన సాక్ష్యం ఇచ్చారు.

ఆ డాక్టరేట్ పుస్తకం పైకి అంకెల చరిత్రలా ఉంటుంది. లోపల ఒక రాజకీయ వాదన ఉంది. ప్రజలకు జవాబుదారీ కాని ప్రభుత్వం వాళ్ల బాగు కోసం ఖర్చు పెట్టదు, వాళ్లను పీడించే సామాజిక దురాచారాల జోలికీ వెళ్లదు. శాంతిభద్రతలు కాపాడుకుంటూ శిస్తు వసూలు చేసుకుంటూ కాలం గడుపుతుంది. అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న తేలకుండా డబ్బు ఎలా పంచాలన్న ప్రశ్న తేలదు. ఈ అవగాహనతోనే ఆయన చట్టసభలోకి వచ్చారు.

1927: మొదటి బడ్జెట్ ప్రసంగం

అణగారిన వర్గాల ప్రతినిధులుగా అంబేద్కర్‌నూ డాక్టర్ పి.జి. సోలంకినీ గవర్నర్ బొంబాయి శాసనమండలికి నామినేట్ చేశారు. అప్పటికి అంబేద్కర్‌కు ఇంకా 36 ఏళ్లు నిండలేదు. 1927 ఫిబ్రవరి 24న ఆయన మొదటిసారి బడ్జెట్ మీద మాట్లాడారు. కొత్త సభ్యుడు, అందులోనూ నామినేటెడ్ సభ్యుడు. రెండు మంచి మాటలు చెప్పి కూర్చుంటాడని ఎవరైనా అనుకుంటే పొరబడ్డట్టే. ఆయన నేరుగా రాబడి పద్దును పట్టుకున్నారు.

ముందు భూమి శిస్తు. ఒక ఎకరం ఉన్న పేద రైతూ వందల ఎకరాలున్న జాగీర్దారూ ఒకే లెక్కన శిస్తు కట్టాలి. పంట పండినా ఎండినా కట్టాల్సిందే. ఆదాయపు పన్ను అలా కాదు. అందులో ఒక మేరకు ఆదాయం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంటుంది, ఆదాయం పెరిగేకొద్దీ పన్ను పెరుగుతుంది. పట్నంలో సంపాదించేవాడికి దొరికిన న్యాయం పల్లెలో కౌపీనం కట్టుకున్నవాడికి ఎందుకు దొరకదన్నది ఆయన వాదన. స్థోమతను బట్టి పన్ను అనే సూత్రాన్ని అంబేద్కర్ రైతు పొలం దాకా తీసుకెళ్లారు.

తర్వాత ఆబ్కారీ. తాగుడు మీద వచ్చే ఆదాయం బొంబాయి ప్రభుత్వానికి పెద్ద ఆధారం. ఆ డబ్బు అధిక భాగం వచ్చేది కూలీల నుంచి, కార్మికుల నుంచి, పేదల నుంచి. ఈ మాట ఆయన అక్కడితో వదల్లేదు. మరో రెండు వారాలకు విద్యా పద్దు మీద చర్చ వచ్చినప్పుడు దాన్ని బయటికి తీశారు.

పద్నాలుగు అణాల లెక్క

1927 మార్చి 12. విద్యకు కేటాయింపుల మీద చర్చ. ఆరోజు అంబేద్కర్ సభ ముందు పెట్టిన అంకెలు ఇప్పుడు చదివినా కదిలిస్తాయి. బొంబాయి ప్రెసిడెన్సీలో విద్య మీద ప్రభుత్వం మనిషికి పెట్టే ఖర్చు 14 అణాలు. ఆబ్కారీ రూపంలో అదే మనిషి దగ్గర వసూలు చేసేది రెండు రూపాయలకు పైన. అంటే జనానికి తాగించి రాబట్టిన దాంట్లో సగం కూడా చదివించడానికి పెట్టడం లేదు. కనీసం ఆబ్కారీలో ఎంత తీసుకుంటున్నారో అంతైనా చదువుకు ఖర్చు పెట్టండని ఆయన అడిగారు. విప్లవ భాషేమీ వాడలేదు. రెండు పద్దులను పక్కపక్కన పెట్టి చూపించారు, అంతే.

బడిలో చేరిన వంద మంది పిల్లల్లో నాలుగో తరగతి దాకా వచ్చేది 18 మందే. మిగతా 82 మంది మళ్లీ నిరక్షరాస్యులుగా మిగిలిపోతున్నారు. అలాంటప్పుడు వాళ్ల మీద పెట్టిన ఖర్చు కూడా వృథాయే. ఇదే వేగంతో నడిస్తే బడి ఈడు మగపిల్లలందరికీ చదువు అందడానికి 40 ఏళ్లు, ఆడపిల్లలకైతే 300 ఏళ్లు పడుతుందన్న ప్రభుత్వ లెక్కనే ఆయన సభకు గుర్తుచేశారు.

ఫీజుల సంగతి కూడా తీశారు. ఆర్ట్స్ కాలేజీల ఖర్చులో 36 శాతం, హైస్కూళ్ల ఖర్చులో 31 శాతం, మిడిల్ స్కూళ్ల ఖర్చులో 26 శాతం ఫీజుల రూపంలోనే రాబడుతున్నారు. ఇది చదువును సరుకు చేయడమేనని ఆయన అభ్యంతరం. చదువు ప్రతి ఒక్కరికీ అందేంత చవకగా ఉండాలి. కింది కులాలు ఇప్పుడిప్పుడే బడి గడప తొక్కుతున్న కాలంలో ఫీజులు పెంచడమంటే గడప దగ్గరే తలుపు వేయడం. ఈ మాటలకు దాదాపు వందేళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం రోడ్డెక్కే మన విద్యార్థులకు వీటికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అన్నింటికన్నా పదునైన భాగం కులాల లెక్క. ప్రెసిడెన్సీ జనాన్ని ప్రభుత్వమే నాలుగు వర్గాలుగా విడదీసింది. అగ్రవర్ణ హిందువులు, మధ్యస్థ కులాలు, వెనుకబడిన వర్గాలు, ముస్లింలు. ఈ లెక్కలో వెనుకబడిన వర్గాలంటే అంటరానివాళ్లూ ఉన్నారు. జనాభాలో మధ్యస్థ కులాలది మొదటి స్థానం, వెనుకబడిన వర్గాలది రెండో స్థానం, ముస్లింలది మూడోది, అగ్రవర్ణాలది చివరిది. చదువులో చూస్తే మొదటి స్థానం అగ్రవర్ణాలది, చివరి స్థానం వెనుకబడిన వర్గాలది. కాలేజీ చదువుకు వచ్చేసరికి చివరి వరుసలో దాదాపు సున్నా. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి సమానత్వం అంటే కుదరదు, వెనకబడ్డవాళ్లకు ఎక్కువ ఖర్చు పెట్టినప్పుడే సమానత్వం వస్తుందని ఆయన వాదించారు. ఇవాళ మనం జనాభా దామాషా అంటున్న మాటకు పునాది ఇక్కడ ఉంది.

ఖర్చు ఎంత అన్నదే కాదు, ఎలా అన్నదీ ఆయన పట్టించుకున్నారు. పేద ఇంట్లో పిల్లవాడికి ఇచ్చే ఉపకార వేతనం ఇంటి అవసరాలకే అయిపోతుంది, చదువు ముందుకు సాగదు. అదే డబ్బు హాస్టళ్ల మీద పెడితే పిల్లవాడికి చదువుకునే వాతావరణం దొరుకుతుంది. 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ తరఫున ఆ తర్వాతి ఏడాదే షోలాపూర్‌లో హాస్టల్ తెరిచిన అనుభవంతో చెప్పిన మాట ఇది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదివి పైకొచ్చిన లక్షల మంది తెలుగు దళితులకు ఆ మాట విలువ తెలుసు.

చెరువు ఎవరి డబ్బుతో నడుస్తోంది?

విద్యా పద్దు మీద ఆ ప్రసంగం చేసిన ఎనిమిది రోజులకు, 1927 మార్చి 20న, అంబేద్కర్ వేలాది మందితో కలిసి మహద్‌లోని చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఈ రెండు సంఘటనలను వేర్వేరు అధ్యాయాలుగా చదవడం మనకు అలవాటు. వాటి వెనక ఉన్నది ఒకటే వాదన.

1923 ఆగస్టులో ఎస్.కె. బోలే బొంబాయి శాసనమండలిలో ఒక తీర్మానం నెగ్గించారు. ప్రభుత్వ ధనంతో కట్టిన, నిర్వహిస్తున్న బావులు, చెరువులు, సత్రాలు, బడులు, ఆస్పత్రులు అంటరానివాళ్లకు తెరవాలన్నది ఆ తీర్మానం. దాన్ని అనుసరించి మహద్ మున్సిపాలిటీ చెరువును తెరుస్తున్నట్టు కాగితం మీద రాసుకుంది. ఊళ్లో మాత్రం ఏమీ మారలేదు. 1926లో బోలే మరో అడుగు ముందుకేశారు. తీర్మానం అమలు చేయని స్థానిక సంస్థలకు గ్రాంటు ఆపేయాలన్నారు.

చెరువు గుడి లాంటిది కాదు, ఇంటి బావి లాంటిదీ కాదు. అది మున్సిపాలిటీ ఆస్తి. అందరి పన్నులతో నడిచేదాన్ని కొందరికి మూసేయడమంటే కొందరి డబ్బుతో మరికొందరు నీళ్లు తాగడం. మహద్‌లో దోసిలి పట్టిన చేతులు మానవ గౌరవాన్ని అడిగాయి. దాంతోపాటు ప్రజాధనంలో తమ వాటానూ అడిగాయి.

మేర గింజలు, ప్రభుత్వ జీతం

1928లో అంబేద్కర్ వతన్ చట్టానికి సవరణ బిల్లు తెచ్చారు. మహర్లు ఊళ్లో ప్రభుత్వ పని చేసేవాళ్లు. శిస్తు వసూలుకు రైతులను పిలుచుకురావడం, కబుర్లు మోయడం, అధికారులు వస్తే వెంట తిరగడం వాళ్ల పని. పగలూ రాత్రీ అనే తేడా లేదు. ఇంట్లో మగవాడు లేకపోతే మరొకరు పోవాల్సిందే. దీనికి దక్కేది చిన్న వతన్ భూమి, ఊరివాళ్లు ఇచ్చే గింజలు. మన ఊళ్లలో వెట్టి చేసి మేర గింజలు తెచ్చుకున్న తరం పెద్దలకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

పని ప్రభుత్వానిది, జీతం మాత్రం ఊరి దయ. అంబేద్కర్ అభ్యంతరం ఇక్కడే. ప్రభుత్వ పని చేసేవాడికి ప్రభుత్వ ఖజానా నుంచి జీతం రావాలి, ఆ పని వద్దనుకున్నవాడు వదులుకునే స్వేచ్ఛ ఉండాలి. ఇలా చేస్తే మహర్లు పై కులాల చేతి కింద నుంచి బయటపడతారు. సభలో ఆ బిల్లు ముందుకు సాగలేదు, ఆయన వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1939లో ప్రభుత్వం వతన్ భూముల మీద పన్ను పెంచినప్పుడు హరేగావ్ సభలో ఆయన మళ్లీ అదే పోరాటాన్ని ఎత్తుకున్నారు. చివరికి ఆ వ్యవస్థను రద్దు చేసే చట్టం వచ్చింది ఆయన పోయాక, 1958లో.

అదే 1928లో ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలకు ప్రసూతి సదుపాయాల బిల్లు చర్చకు వచ్చింది. తల్లీబిడ్డల క్షేమం దేశానికి సంబంధించిన విషయం కాబట్టి ఆ భారం ప్రధానంగా ప్రభుత్వానిదని, స్త్రీల శ్రమతో లాభం పొందే యజమానికీ అందులో వాటా ఉండాలని ఆయన మద్దతు పలికారు.

1932లో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు మాత్రం ఎదురు తిరిగారు. వయోజనులందరికీ ఓటు లేకుండా, అంటరానివాళ్లకు ప్రత్యేక స్థానాలు లేకుండా ఊరికి అధికారం ఇస్తే అది పెత్తందారుల చేతికి ఇచ్చినట్టేనన్నారు. ప్రాథమిక విద్యను స్థానిక బోర్డులకు అప్పగించడాన్నీ ఇదే కారణంతో వ్యతిరేకించారు. అధికార వికేంద్రీకరణ అనే అందమైన మాట వెనక డబ్బు సంచి ఎవరి చేతికి వెళుతోందో ఆయన చూశారు.

మంత్రుల జీతాలు, మద్యనిషేధం

1936లో ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937 ఎన్నికల్లో ఆ పార్టీ 17 చోట్ల పోటీ చేసి 14 గెలిచింది. బి.జి. ఖేర్ నాయకత్వంలో కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడింది. ఇప్పుడు అంబేద్కర్ నామినేటెడ్ సభ్యుడు కాదు, ప్రజలు ఎన్నుకున్న ప్రతిపక్ష నాయకుడు.

మంత్రులు నెలకు 500 రూపాయలే తీసుకుంటారని కాంగ్రెస్ ప్రభుత్వం బిల్లు పెట్టింది. త్యాగం అనగానే చప్పట్లు కొట్టే కాలం అది. అంబేద్కర్ కొట్టలేదు. మంత్రి జీతాన్ని నాలుగు కొలతలతో చూడాలన్నారు. సమాజంలో జీవన ప్రమాణం, సమర్థత, ప్రజాస్వామ్యం, పాలనలో నిజాయితీ. జీతం చాలనంత తక్కువైతే ఆస్తిపాస్తులున్నవాడే మంత్రి కాగలడు, లేదంటే మంత్రి అయినవాడు వేరే దారులు వెతుక్కుంటాడు. పేదవాడు పాలకుడు కావాలంటే ఆ పదవికి తగిన జీతం ఉండాలి. త్యాగం పేరుతో పేదలకు అధికారాన్ని దూరం చేయొచ్చన్న సంగతి గ్రహించిన వాదన ఇది.

1937 సెప్టెంబరులో కొంకణ్‌లో ఖోతీ దళారీ పద్ధతి రద్దు కోసం బిల్లు పెట్టారు. 1938 జనవరి 10న వేలాది రైతులు ఆయన నాయకత్వంలో బొంబాయి చట్టసభకు నడిచి వచ్చారు. 1939 బడ్జెట్ మీద ఆయన లేవనెత్తింది ప్రాధాన్యాల ప్రశ్న. మద్యనిషేధం కోసం పెద్ద ఆదాయాన్ని వదులుకుంటున్న ప్రభుత్వం చదువు, ఆరోగ్యం లాంటి అవసరాలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆబ్కారీ సొమ్ము పేదల నుంచి వస్తోందని పన్నెండేళ్ల కిందట చెప్పిన మనిషే ఈ మాట అన్నారంటే అందులో తిరకాసు లేదు. పేదల దగ్గర తీసుకున్నది పేదలకే తిరిగి రావాలన్నది అప్పటి వాదన. పేదలకు చేరాల్సింది ఆగిపోకూడదన్నది ఇప్పటి వాదన.

మొదటి హక్కు

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆ అక్టోబరులోనే షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయ్‌కు ఒక వినతిపత్రం ఇచ్చారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికీ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికీ ఏటా చెరి 3 లక్షలు ఇస్తున్న ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ఏమిస్తోందని అడిగారు. ఫలితంగా ఏటా 3 లక్షల రూపాయల ఉపకార వేతనాలు వచ్చాయి. కొందరు దళిత విద్యార్థులు విదేశాలకు వెళ్లి చదివారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతం రిజర్వేషన్ కూడా వచ్చింది.

1947లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభ కోసం రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్ పత్రంలో ఆయన ఇంకా ముందుకు వెళ్లారు. షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్య ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఆ కేటాయింపు విద్యా బడ్జెట్ మీద మొదటి హక్కుగా ఉండాలి. అంటే ముందు ఈ డబ్బు పక్కన పెట్టాలి, మిగిలిన ఖర్చులు ఆ తర్వాత. మిగిలితే ఇస్తామనే ధోరణికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఆ నిబంధన రాజ్యాంగంలోకి ఆ రూపంలో రాలేదు.

రాజ్యాంగంలో ఆయన కాపలా పెట్టగలిగినచోట పెట్టారు. చట్టసభ అనుమతి లేకుండా ఖజానా నుంచి రూపాయి కూడా తీయకూడదన్న ఏర్పాటు ఉంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించి 1949 మే నెలలో చర్చ జరిగినప్పుడు, రాజ్యాంగంలో బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారి ఆయనేనని, న్యాయవ్యవస్థ బాధ్యత కన్నా ఆయన బాధ్యత పెద్దదని అంబేద్కర్ అభిప్రాయపడ్డారు. సభ ఒకందుకు మంజూరు చేసిన డబ్బు మరోదానికి పోకుండా చూసేది ఆ అధికారే. ప్రభుత్వ అప్పులకు పార్లమెంటు చట్టం ద్వారా హద్దు పెడుతుందని కూడా ఆయన ఆశించారు. అలాంటి చట్టం కేంద్రంలో రావడానికి 2003 దాకా పట్టింది.

ఆంధ్ర రాష్ట్రం మీద ఆయన హెచ్చరిక

1951లో మంత్రివర్గం నుంచి తప్పుకున్నప్పుడు కూడా ఆయన చెప్పిన కారణాల్లో ఒక బడ్జెట్ అంకె ఉంది. ఏటా వచ్చే సుమారు 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయి. మరుసటి ఏడాది రాజ్యసభలోనూ సైనిక వ్యయం మీద గట్టిగా మాట్లాడారు.

1953 సెప్టెంబరులో ఆంధ్ర రాష్ట్ర బిల్లు రాజ్యసభకు వచ్చింది. కొత్త రాష్ట్రంలో భూమి, అధికారం రెండూ ఒకటి రెండు పెద్ద కులాల చేతిలో పడితే షెడ్యూల్డ్ కులాలకు రక్షణ ఏమిటని ఆయన అడిగారు. 1955లో భాషాప్రయుక్త రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలోనూ ఆంధ్రను ఉదాహరణగా తీసుకున్నారు. భూములు, ఉద్యోగాలు, వ్యాపారాలు రెడ్డి, కమ్మ, కాపు కులాల చేతిలో ఉంటే దళితులు వాళ్ల మీద ఆధారపడి బతకాల్సిందేనని రాశారు. ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. తర్వాత కారంచేడు, చుండూరు ఏం చెప్పాయో మనకు తెలుసు.

దళిత సంఘాల సుదీర్ఘ పోరాటం తర్వాత 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభా దామాషాలో నిధులు పక్కన పెట్టాలన్న సూత్రానికి చట్టబద్ధత దొరికింది. తెలంగాణ 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చి, ఖర్చు కాని సొమ్మును తర్వాతి ఏడాదికి తీసుకెళ్లే ఏర్పాటు చేసింది. బాబాసాహెబ్ అడిగిన మొదటి హక్కుకు మనం ఇప్పటిదాకా చేరగలిగిన అతి దగ్గరి చోటు ఇదే. అయితే చట్టం ఉండగానే అందరికీ వేసే రోడ్లూ అందరికీ ఇచ్చే పథకాలూ ఎస్సీల పద్దులో చేరుతున్నాయి. కేటాయింపు గొప్పగా ప్రకటిస్తారు, ఖర్చు వివరాలు దొరకవు.

1927లో బొంబాయి మండలిలో అంబేద్కర్ దగ్గర ఓట్ల బలం లేదు. ప్రభుత్వం అచ్చువేసిన లెక్కలే ఆయన ఆయుధం. ఆ లెక్కలు ఇప్పుడు మనకూ అందుబాటులో ఉన్నాయి. బడ్జెట్ పత్రాలు అందరికీ దొరుకుతాయి, కాగ్ నివేదికలు శాసనసభ ముందుకు వస్తాయి, సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. ప్రతి ఏప్రిల్ 14న ఊరూరా జయంతి సభలు జరుగుతాయి. ఆ సభల్లో దండ వేశాక ఒక అరగంట ఆ ఏటి ఎస్సీ పద్దు చదివే పని పెట్టుకోవచ్చు. మన మండలంలో హాస్టల్‌కు ఎంత వచ్చింది, వాడకు నీళ్ల పేరుతో ఎంత రాశారు, అందులో నిజంగా వాడకు చేరింది ఎంత అని నిలదీయవచ్చు. ఆయన జీవితమంతా చేసిన పనిలో ఇదొక పెద్ద భాగం. దానికి పెద్ద చదువులు అవసరం లేదు, రెండు పద్దులు పక్కపక్కన పెట్టి చూడగలిగితే చాలు.